మిర్యాలగూడల హీటరు

బానెట్ ఎత్తి, మోకాళ్ల మీద కూసొని
రేకుబిళ్ల మీది అంకెలను
నగలకొట్టు అద్దంతోని చదివిండు పట్నం సారు.
చివరి అక్షరం కాడ ఆగిండు.
ఊపిరి గూడ ఆపిండు.
"ఇది ఉన్న బండ్లు ఏడే," అన్నడు, "ఏడే.
కంపెనీవాళ్లు బిగించిన హీటరు."

ఏప్రిల్ నెల. సాగర్ రోడ్డు మీద తారు
చెప్పుల కింద మెత్తగయితున్నది.
షెడ్డు రేకులు టప్పు టప్పు మంటున్నయ్.
హీటరట!
మా పిలగాడు స్పానర్ కింద పడేసి నవ్విండు.
నేను నవ్వలే. నాకు ఆ కత ఎరుకే.

డెబ్బై రెండుల చంద్రమౌళి సేటు
బండి బుక్ చేసుకుంట "లోపల గాలి గావాలె" అన్నడు.
రాసుకునే గుమాస్తా ఏ గడిల టిక్కు పెట్టిండో,
పది నెలలకు బండి దిగింది.
డాష్‌బోర్డు కింద నల్లగుండీ,
దాని మీద మూడు వంకరగీతలు, పొగ లెక్క.
సేటు తిప్పి చూసిండు, మోకాలు సుర్రుమన్నది,
మళ్ల ముట్టలే.
గట్ల పుట్టింది సారూ, మీ అరుదు.
ఎవ్వరికీ అక్కర లేనిది ఏడే చేస్తరు,
అక్కర ఉండుంటే ఏడువేలు చేస్తుండ్రి.

అయినా, జర ఆగు. ఆ మాట గూడ అంత సాఫు కాదు.

ఎనభై మూడు, మే. మిల్లుల బాయిలర్ గొట్టం పగిలి
ఎల్లమంద కాళ్లు రెండూ ఉడికినయ్.
అంబులెన్సు అనే మాట అప్పటికి మాకు పేపర్లనే.
సేటు బండే దిక్కు. నడిపింది లతీఫ్ ఉస్తాద్.
నేను పద్నాలుగేండ్లోన్ని, ముందు సీట్ల, ఒళ్లె నీళ్లడబ్బా.
వెనక ఎల్లమంద, అరటాకుల మీద కాళ్లు.
వేములపల్లి దాటినం. మాడ్గులపల్లి దాటంగనే
ముల్లు ఎర్రగీత ఎక్కింది,
రేడియేటర్ బుస కొట్టింది.
ఆపితే మళ్ల లేవదు ఇంజను.
ఉస్తాద్ వంగి ఆ గుండీ తిప్పిండు.

ఇంజను మంటను గుంజి మా మీద పోసింది హీటరు.
కిటికీలకెల్లి వడగాలి, కాళ్లకాడికెల్లి ఇది.
ముల్లు దిగింది, ఇంత,
మళ్ల ఇంత.
"ఈ సెగ ఎక్కడిదిరా?" వెనకనుంచి ఎల్లమంద.
"ఇంజన్‌ది," అన్నడు ఉస్తాద్, "తిప్పర్తి దాక పంచుకుందం."
నల్లగొండ గుట్ట మీద దర్గా కానరాంగనే
స్టీరింగ్ ఇడువకుంటనే సలాం చేసిండు.

ఎల్లమంద ఆ తర్వాత ఇరవై ఏండ్లు నడిచిండు,
జర కుంటుకుంట.

సారుకు ఇదంత చెప్పిన.
"అంటే, వాడారన్నమాట," అన్నడు.
ఆ మొఖం నేనెరుగుదు, బేరం తగ్గించే మొఖం.
వెనకసీటు మళ్ల కుట్టించినందుకు
అప్పటికే పన్నెండు వేలు కోసిండు.
ఎందుకు కుట్టించినమో అడగలే.
"లోపల కాయిల్ గూడ లేదు సారూ.
తొంభై ఆరుల కారుతుంటే నేనే పీకి
గొట్టానికి గొట్టం కలిపేసిన."
ఆయన గుండీని బొటనవేలుతోని తుడుస్తున్నడు.
మూడు గీతలు తెల్లగ తేలినయ్.
"ఇది ఉంది కదా," అన్నడు, "బిళ్ల మీద అక్షరం ఉంది కదా.
చాలు."

సేటు మనుమరాలు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నది.
బండి లారీ ఎక్కింది, పరుపు మీద పడుకున్నట్టు.

పోయేముందు దూపైతుందన్నడు.
మూల కుండల ముంచి ఇచ్చిన.
గటగట తాగి, ఇంకో గ్లాసు అడిగి,
"ఫ్రిజ్ నీళ్లు గూడ ఇట్ల ఉండవు," అన్నడు.
కుండ కింద ఆకుపచ్చగ చిలుమెక్కిన ఇత్తడి జాలి,
అరచెయ్యంత మందం,
కుండ ఒరగకుంట పట్టుకొని ఉన్నది, గిన్నేండ్ల సంది.
అదేందని అడిగితే
చెప్తుంటి.